స్విచ్ మీది చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేర్పేవాడికి ఉండకూడని గుణం అది. అయినా రెండు వేల సంవత్సరం దాటాక కొన్నేళ్లు ముంబై పక్కన భివండీలో, కామత్‌ఘర్ సందులో ఒక గది తీసుకుని నలుగురికి కంప్యూటర్ నేర్పాను. ఉన్నవి మూడు కంప్యూటర్లు. మూడూ ముంబై ఆఫీసులు వదిలించుకున్న పాతవే. వాటిలో విండోస్ బదులు లినక్స్ వేశాను. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ముసలి యంత్రాన్ని కూడా నడిపిస్తుంది, దొంగ సీడీలతో వచ్చే వైరస్‌ల గొడవ ఉండదు. ఆ రోజుల్లో నాకు దాని పిచ్చి. చాయ్ తాగడానికి వచ్చినవాణ్ని కూడా కూర్చోబెట్టి చూపించేవాణ్ని. మెనూలు తెలుగులో కూడా వస్తాయని గొప్పగా మార్చి చూపిస్తే, ఆ తెలుగులో సగం మాటలు నాకే అర్థమయ్యేవి కావు. చప్పుడు చేయకుండా మళ్లీ ఇంగ్లీషులోకి మార్చేవాణ్ని.

అక్కడికి ఒక మామ వచ్చాడు. చుట్టమేమీ కాదు, మా కరీంనగర్ వైపు మనిషని అలా పిలిచేవాణ్ని. యాభై దాటిన మనిషి. నాగావ్‌లో ఒక సేటు కార్ఖానాలో ఇరవై ఏళ్లు సాంచె నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. ఆ ఏడాదే పళ్లచక్రంలో చెయ్యి పడి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. తెగిన పోగును ముడివేయడం ఇక ఆ చేతివల్ల కాదు. అయితే ఆయనకు ఇంకో విద్య ఉంది. బట్ట మీద పడే డిజైన్లను గళ్ల కాగితం మీద గీస్తాడు. ఆయన నింపిన గడులను బట్టే, ఏ పోగు లేవాలో సాంచెకు చెప్పే చెక్కపట్టీలకు మేకులు కొడతారు. సేటు ఆయనకు ఒకటే మాట చెప్పాడట. దీపావళి లోపు ఆ గీసేదేదో కంప్యూటర్ మీద గీయడం నేర్చుకుంటే పని ఉంటుంది, లేదంటే వేరేవాణ్ని చూసుకుంటాను అని.

"నేర్పుతరా సారు? నాకు ఏబీసీడీలు వస్తయి, గంతే," అన్నాడు.

నేను మామా అని పిలిచినా ఆయన మాత్రం నన్ను చివరిదాకా సారనే అన్నాడు.

లెక్కలు వేసుకునే ప్రోగ్రాం తెరిచి, గడులన్నీ చిన్నవి చేసి, రంగు నింపడం చూపించాను. "గిది గళ్ల కాగితమే గద సారు," అని నవ్వాడు. వారంలో మౌస్ ఎడమ చేతికి అలవాటైంది. ఒక్కటే చిక్కు. తెర మీద తెలియని పెట్టె ఏది వచ్చినా, అది పాపం సేవ్ చేయమంటారా అని అడిగినా సరే, ఆయన చెయ్యి గోడ మీది స్విచ్ మీదికి పోయేది. టక్కున ఆపేసి, "ఆపిన సారు," అని ఏదో ప్రమాదం తప్పించినట్టు నా వైపు చూసేవాడు.

నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి ఆపినప్పుడు డిస్క్ చెడిపోయింది. ఆయన మూడు వారాల డిజైన్లు, నేను రాసి పెట్టుకున్న పాఠాలు అన్నీ పోయాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇది సాంచె కాదు మామా. ఎన్నిసార్లు మొత్తుకోవాలె? ఇది నీతోని కాదు, ఇంటికి పో," అని అందరి ముందూ అరిచాను.

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. డిజైన్లు గీసుకునే ఆయన గళ్ల నోట్‌బుక్ బల్ల మీదే ఉండిపోయింది.

రెండు రోజులు రాలేదు. దీపావళి చూస్తే దగ్గరికొస్తోంది. నోట్‌బుక్ ఇచ్చొద్దామని నాగావ్ వెళ్లాను. షెడ్డులో ఆయన మిగతావాళ్లకు నూలు కండెలు అందిస్తున్నాడు. నేను గడపలో నిలబడి చూస్తుండగానే ఒక సాంచె మీద పోగు తెగింది. నడిపేవాడు ఇంకా అటు తల తిప్పనేలేదు, చెయ్యి పిడి లాగేసింది. సాంచె ఆగాకే వాడి కళ్లు తెగిన చోటును వెతికాయి. ఆలస్యమైతే బట్ట పాడవుతుంది మరి. ముందు ఆపాలి, తర్వాత చూడాలి. ఇరవై ఏళ్లుగా మామ చేతికి ఆ షెడ్డు నేర్పింది అదే. మా నాన్న కూడా సాంచె నడిపినవాడే. అయినా నా బుర్రకు తట్టలేదంటే ఏమనాలి?

సాంచెల చప్పుడులో తప్పు ఒప్పుకోవాలన్నా అరవాల్సిందే. "తప్పు నాది మామా," అని ఆయన చెవి దగ్గర అరిచాను. ఆయన నోట్‌బుక్ తీసుకుని, రేపొస్తానన్నట్టు చెయ్యి ఊపాడు.

మర్నాడు పాఠం మార్చాను. కరెంటు హఠాత్తుగా పోయి వస్తే తెర నల్లబడి తెల్ల అక్షరాలు పరుగెడతాయి, ఒక అంకె మెల్లగా పెరుగుతుంది. అది ఆయనకు చూపించి, "లోపల ఏ పోగు తెగిందో ఒక్కొక్కటే చూసుకుంటున్నది మామా. నూరు అయ్యేదాక ముట్టద్దు," అన్నాను.

"అంటే ఆగిన సాంచెను మళ్ల ఆపద్దు. గంతే గద," అన్నాడు.

నోట్‌బుక్ చూసుకుంటూ పోయిన డిజైన్లన్నీ మళ్లీ గీశాడు.

దీపావళికి మూడు రోజుల ముందు సేటు ఆఫీసులో పరీక్ష. అక్కడి పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసిపెట్టింది నేనే కాబట్టి నేనూ వెళ్లాను. మామ మొదటి డిజైన్ తెరిచాడో లేదో కరెంటు పోయింది. తిరిగి రాగానే తెరంతా నల్లబడి తెల్ల అక్షరాలు మొదలయ్యాయి. "బిగడ్ గయా, బంద్ కర్," చెడిపోయింది, ఆపెయ్ అంటూ సేటు స్విచ్ వైపు చెయ్యి చాపాడు. అదే క్షణంలో మామ చెయ్యి కూడా లేచింది. ఇక అయిపోయిందనుకున్నాను.

ఆయన మూడు వేళ్ల చెయ్యి స్విచ్‌ను కప్పి అక్కడే ఆగింది.

"రుకో సేట్. ధాగా దేఖ్ రహా హై," అన్నాడు. ఆగండి, పోగులు చూసుకుంటోంది అని.

సేటు నా ముఖం చూశాడు. నేను తలూపాను. అంకె తాపీగా నూరుకు చేరింది. డిజైన్ తెరుచుకుంది. సేటు నాలుగైదు చూసి, "కల్ సే యహీ బైఠో," అన్నాడు. రేపటి నుంచి ఆయన కూర్చునేది ఆ కుర్చీలోనే.

షేర్ ఆటో కోసం నిలబడ్డప్పుడు, "నాకైతే పానం పోయింది మామా. నీ చెయ్యి ఆపేస్తదనుకున్న," అన్నాను.

ఆయన నవ్వాడు. "మీరు నా మీద ఒర్రిననాడు గూడ గట్లనే ఆగిన సారు. లోపట ఏ పోగో తెగింది, సూసుకోని సారే వస్తడు అనుకున్న."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ రెండు రోజులూ ఆయన అలిగాడనుకున్నాను. ఆయన నా కోసం ఎదురుచూశాడు.