గోదావరిని వెనక్కి పారించిన ఇంజనీరు గారు

మా పక్కింటి ఇంజనీరు గారు మొన్న గురువారం పొద్దున కాఫీ తాగి, కూర్చున్న కుర్చీలోనే పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్‌లో చెప్పగానే ఏడ్చాను. ఆ తర్వాత, ఏం చేయను, ఆయన్ని తలుచుకుంటే నవ్వే వచ్చింది.

రాజమండ్రి ఇరిగేషన్ ఆఫీసులో రిటైరై, భార్యతో సహా అమెరికాలో, ఈ కాపెల్ ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. నేను బాబాయి గారూ అనేదాన్ని, పిల్లలు గోదారి తాత అనేవాళ్ళు. వానాకాలం వస్తే లేవగానే భద్రాచలంలోని స్నేహితుడికి ఫోన్ చేసి నీటిమట్టం కనుక్కునేవారు. కుక్కతో వాకింగ్‌కి వచ్చే అమెరికన్ పెద్దమనిషికి కూడా "ఫార్టీ వన్ ఫీట్, స్టిల్ రైజింగ్" అని చెప్పేవారు. అతను పాపం "వావ్" అనేవాడు. ఇక్కడి ట్రినిటీ నదిని చూపిస్తే, "దీన్ని నది అంటారా అమ్మాయ్? మా పంటకాలువ నయం" అన్నారు.

మా పాపకి పదేళ్ళు. ఒక బర్త్‌డే పార్టీలో దాని తెలుగు విని పెద్దవాళ్ళు పగలబడి నవ్వారు. అంతే, ఏడాదిపాటు దాని నోట తెలుగు లేదు. బతిమాలాను, కసిరాను, ఐప్యాడ్ లాక్కున్నాను. ఊహూఁ. ఇక నా భాష దాని నోట వినను కాబోలని బెంగ పట్టుకుంది.

అప్పుడే ఉగాది ఫంక్షన్‌కి బాబాయి గారు పిల్లలతో గోదావరి నాటకం మొదలుపెట్టారు. ఒక్కో పిల్ల ఒక్కో ఉపనది. నీలం చున్నీతో వచ్చి, తన నది గురించి ఒక ముక్క చెప్పి, పెద్ద నీలం చీరలో కలవాలి. మా దానికి ప్రాణహిత ఇచ్చారు.

"బాబాయి గారూ, అది నోరు విప్పదండీ" అన్నాను.

"విప్పక్కర్లేదమ్మాయ్. నదికి నడక వస్తే చాలు. ప్రాణహిత కలిశాకే గోదారికి ఒళ్ళొచ్చేది. దాన్ని ఊరికే నడవనీ."

రిహార్సల్స్ వాళ్ళ డ్రైవ్‌వేలో. ఆయన గరాజ్‌లో మడత కుర్చీ వేసుకుని, పిల్లల వెనక నుంచి, తన ఎడమవైపు నాసిక్, కుడివైపు సముద్రం అనుకుని నేర్పించారు. వరస తప్పితే ఊరుకునేవారు కారు. "శబరీ, నువ్వు భద్రాచలం దాటాక రావాలే! తొందరేంటి?"

ఫంక్షన్ రోజు స్టేజి మీద వెనక తెరంతా గోదావరి మ్యాప్. దాని ముందు మా పిల్లల చీర కుడి నుంచి ఎడమకి, తిన్నగా అరేబియా సముద్రం వైపు బయల్దేరింది! ఆయన వెనక నుంచి నేర్పారు, మేం ముందు నుంచి చూస్తున్నాం మరి. అంత ఇంజనీరుకీ తట్టలేదు, రోజూ ఫొటోలు తీసిన మాకూ తట్టలేదు. ప్రాణహిత వంతొచ్చింది. మా పాప నడిచి వచ్చి, మ్యాప్ చూసి ఆగిపోయింది.

"తాతా, ఆగు! మనం రాంగ్ సైడ్ పోతున్నాం! సముద్రం అక్కడ ఉంది!" అని అరిచింది. తెలుగులో, అంత హాల్లో! "మంజీరా, ఇటు రా. అందరూ టర్న్ అవ్వండి!"

హాలంతా ఒకటే నవ్వు. అది లెక్కచేయలేదు. చీర కొస పట్టుకుని గోదావరిని తూర్పుకి లాక్కుపోయింది. బాబాయి గారు మైకు అందుకుని, "సర్వీసంతా చేశాను గానీ, గోదారిని వెనక్కి పారించింది ఇవాళే! దారిలో పెట్టిన ఇంజనీరు ఇదిగో" అని దాని చెయ్యి పైకెత్తారు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది.

గురువారం స్కూల్ నుంచి వచ్చాక పాపకి సంగతి చెప్పాను. కాసేపు ఏడ్చింది. తర్వాత మేం వాళ్ళింటికి పెరుగన్నం పట్టుకెళ్ళాం. పిన్ని గారు పొద్దుటి నుంచి ఏమీ ముట్టలేదట. ఎవరు చెప్పినా వినడం లేదు. పాప తనంతట తనే దగ్గరికెళ్ళి, "మామ్మా, నువ్వు ఎందుకు తినలేదు? నేను పెడతాను" అంది.

పిన్ని గారు ఏడుస్తూనే నవ్వి, "పెట్టవే తల్లీ" అన్నారు. నిలబడే ఉన్న ఆవిడ నోటికి ముద్ద అందించాలని మా పాప మునివేళ్ళ మీద లేచింది.