నాన్న కుట్టించిన గ్లౌజులు

మాది వరంగల్‌లో మగ్గాల ఇల్లు. కిందటేడు బైక్ మీద అరకు వెళ్లేముందు, వానకు తడవని గ్లౌజులు కొందామని నాన్నతో కలిసి హనుమకొండ వెళ్లాను. నాన్న వాటిని వేళ్ల మధ్య నలిపి చూసి పక్కన పెట్టేశాడు.

"ఇదంత ప్లాస్టిక్‌రా. జర ఆగు, నేనే మందంగ నేసి కుట్టిస్త" అన్నాడు. దుకాణంలో అందరి ముందు కాదనలేక, ఆయన వెంట బయటికొచ్చేశాను.

బయల్దేరినప్పుడు ఎండ. ఆ నూలు గ్లౌజులు హాయిగానే ఉన్నాయి. అరకు ఘాట్‌లో వాన పట్టుకుంది. గ్లౌజులు నీళ్లు పీల్చుకుని, చలిగాలికి చేతులు మొద్దుబారిపోయాయి. మలుపులో బస్సు ఎదురైంది. బ్రేకు నొక్కుదామంటే వేళ్లు కదల్లేదు. కాలి బ్రేకు తొక్కితే బండి జారి, పిట్టగోడకు తగిలి ఆగింది. గోడ అవతల లోయ. నాకు భయం కూడా వేయలేదు. చాలాసేపు చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక నాన్న అడిగాడు. "గ్లౌజులు పనికొచ్చినయా బిడ్డా?"

"మంచిగ పనికొచ్చినయి నాయినా" అన్నాను. అబద్ధమాడానన్న బాధ కూడా కలగలేదు.

ఆయన సంబరపడి మరో జత కుట్టించాడు. ఇప్పటికీ అవి తొడుక్కునే ఇంటి నుంచి బయల్దేరుతాను. వీధి మలుపు తిరిగాక బండి ఆపి, వాటిని తడవకుండా జాకెట్ లోపల దాచుకుని, అరకు నుంచి వచ్చాక చాటుగా కొనుక్కున్న వాన గ్లౌజులు తొడుక్కుంటాను.