బియ్యంలో రాసిన పేరు

మా పేరు పోయిందని మొదట నాకు చెప్పింది బస్తర్ వైపు సుక్మాలో చాయిస్ సెంటర్ నడిపే అమ్మాయి. జనానికి ఫారాలు నింపిపెట్టే ఆ కొట్టుకు తాళం వేసి, బస్సెక్కి మా ఊరిదాకా వచ్చింది. ఫోన్లో చెప్పి ఊరుకోవచ్చు. అలా చేయనందుకు ఈనాటికీ ఆమెకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

"అక్కా, మనం అనుకున్న పేరు కొనేసిండు," అంది గుమ్మంలోనే.

"ఎవరే?"

"ఇంకెవరు? మన అన్నం తిన్నోడే."

గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. ఇనుప గనుల కాలనీలో ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు మా చింతపండును అడిగి మరీ కొనేవి. బదిలీ మీద వెళ్లిపోయిన ఇల్లాళ్లు కూడా కబురు పెట్టేవారు. అందుకే మా ఊరి ఆడవాళ్లం కొందరం కలిసి వెబ్‌సైటు పెట్టాలనుకున్నాం.

మా పండుకు ఆ మంచిపేరు తెచ్చింది దోర్లా తెగకు చెందిన ఒక అవ్వ. ఊళ్లో అందరూ తారు రోడ్డు మీదే పండు ఎండబోసేవారు. ఖనిజం లారీలు పోతుంటే ఎర్రదుమ్ము లేచి, జిగట పండుకు అంటుకునేది. అవ్వ ఒక్కతే చాపలు నెత్తిన పెట్టుకుని గుట్ట పక్కకు నడిచేది. "తినేటోళ్లకు పిల్లలుంటరు కదే," అనేది, అంతే. ఏడాది తిరిగేసరికి మేమంతా చాపలు మోసుకుని ఆమె వెనకే నడిచాం.

వెబ్‌సైటుకు పేరు ఎంచడానికి మాకు చాలా రోజులు పట్టింది. ఒకామె పేరులో బస్తర్ ఉండాలంది, ఇంకొకామె అడవి ఉండాలంది. చాయిస్ సెంటర్ అమ్మాయి వెతికితే అవన్నీ ఎవరో ఒకరు తీసుకున్నవే. అమ్మవారి పేరు పెడదామంటే నేనే వద్దన్నాను, ఆ తల్లి పేరు మీద బేరాలాడలేను.

"అక్కా, చిన్న పేరు కావాలె. ఫోన్లో ఒక్కపారి చెప్తే అవతలోళ్లు తప్పు లేకుండ కొట్టుకోవాలె," అంది ఆ అమ్మాయి.

అప్పుడు ఎవరో అవ్వ పేరన్నారు. మూడక్షరాలు. తెలుగువాళ్లం, గోండీ మాట్లాడేవాళ్లు, హిందీ వాళ్లు, అందరి నోటా ఒకేలా పలికింది. అవ్వ పడీపడీ నవ్వింది. "నా పేరా? నన్ను పిలిస్తే మేకలు గూడ రావు గదనే!" అన్నా, ముఖం మాత్రం వెలిగిపోయింది.

మా నాన్న నాకు అక్షరాలు నేర్పింది ఇంట్లోనే, పళ్లెంలో పోసిన బియ్యం మీద. బిడ్డకు పేరు పెట్టేటప్పుడూ మేము బియ్యంలోనే రాస్తాం. అలాగే ఊరిని పిలిచి, పప్పన్నం వండి, ఆ అమ్మాయి చూపిన ఇంగ్లీషు అక్షరాలను బియ్యంలో వేలితో దిద్దాను. పేరు మూడుసార్లు పలికి, పళ్లెం చేతులు మార్చి అందరికీ చూపించాం. "ఇయ్యాల్నే కొందాం అక్కా," అని ఆ అమ్మాయి పోరింది. నాలుగు రోజుల్లో పున్నమి, ఆనాడు కొందామన్నది నేనే.

ఆ పంక్తిలో ఒక కోచియా ఉన్నాడు. సంతల్లో చింతపండు కొని కాలనీకి తోలే దళారి. పళ్లెం అతని చేతికీ వెళ్లింది. అన్నం పెట్టినందుకు నాకు బాధ లేదు. తిన్న చేయి కడుక్కుని అదే చేత్తో ఫోన్ తీశాడే, అందుకు రగిలిపోయాను.

వారం సంతలో పట్టుకుని అడిగాను. "ఏందన్నా, మా అవ్వ పేరు నీకెందుకు?"

"పేరు మీద మీ అవ్వ బొమ్మున్నదా చెల్లె? ముందుగాల కొన్నోనిదే పేరు. మీరు చంద్రుని కోసం చూసిండ్రు, నాకంత తీరిక లేదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను పొద్దున్నే దీపం పెట్టి, ఉన్నదానికి దేవుడికి కృతజ్ఞత చెప్పుకునే మనిషిని. ఆ కోపాన్ని మాత్రం ఆ దేవుడి ముందు పెట్టి కూడా దించుకోలేకపోయాను. ఒక మనిషి బతుకంతా శుభ్రంగా నిలుపుకున్న పేరును లాక్కోవడం చట్టానికి దొంగతనం కాదట. కాకపోతే ఆ చట్టం ఎవరి కోసం?

అవ్వకు చెప్పకుండా దాద్దామనుకున్నాం. ఆమే అడిగి, కోచియా వెబ్‌సైటు తెరిచి ఉన్న ఫోన్ చేతికి తీసుకుంది. చదువు రాదు, అందులోని చింతపండు బొమ్మనే కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇది రోడ్డు మీద ఎండిన పండు," అంది. "అంచులకు ఎర్రగ ఉన్నది చూడు. నా పేరు జెప్పి దుమ్ము తినవెడ్తున్నడా వాడు?"

అదే పేరుకు చివర డాట్ కామ్ బదులు డాట్ ఇన్ లాంటి వేరే తోక తగిలించి కొనవచ్చని చాయిస్ సెంటర్ అమ్మాయి చెప్పింది. అవ్వ ఒప్పుకోలేదు. "వాని పక్కన నా పేరు కూసోదు బిడ్డా. ఇంకోటి చూడుండ్రి."

ఇంకోటి చూశాం. ఈసారి ముందు కొని, తరవాత బియ్యంలో రాశాం. అవ్వే అందరికంటే ముందు గట్టిగా పలికింది. కానీ ఆ మొదటి పళ్లెం నాడు ఆమె ముఖంలో చూసిన వెలుగు మళ్లీ చూడలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు వెతుకుతారు, వెతికితే అతని దుకాణమే వస్తుంది. పేరు లేకుండానే ఆమెను గుర్తుపెట్టుకోండి. లారీలు పోయే రోడ్డును విడిచి, ముక్కూమొహం తెలియని పిల్లల కోసం చాపలు నెత్తిన పెట్టుకుని గుట్ట పక్కకు నడిచిన ఒక దోర్లా అవ్వను.