చింతపండుకు నాలుగు నిమిషాలు

నాకు ఇరవై రెండేళ్లప్పుడు సాయంత్రాలు ఇప్పటికంటే పొడుగ్గా ఉండేవనిపిస్తుంది. లెక్క ప్రకారం అది అబద్ధమే. ఆవపల్లిలో పొద్దు అప్పుడూ ఇప్పుడూ ఒకే వేళకు గుంకుతుంది. అయినా పొయ్యిల పొగ వరిచేల మీద నీలంగా పరుచుకుంటుంటే, ఇప్పపూల వాసన అడవి దాటి ఇంట్లోకి వస్తుంటే, గడియారం ముల్లు కూడా కాసేపు ఎక్కడో కూర్చుని వచ్చేదేమో. నేను మాత్రం కూర్చునేదాన్ని కాదు.

రాష్ట్రం దాటి అడవిలో ఉన్న ఆ ఊరి బడిలో నాది తొలి ఉద్యోగం. నాన్న ఒక్క షరతు మీద పంపాడు. ఇంట్లో తోడుగా ఇంకో ఆడపిల్ల ఉండాలి, లేని రోజున ఉద్యోగం మానేసి వచ్చెయ్యాలి. ఆ తోడు భద్రాచలం వైపు నుంచి వచ్చిన నర్సు. నాకంటే రెండేళ్లు పెద్దది. రోజంతా సైకిలు మీద ఊళ్లు తిరిగి ఏడింటికి ఆకలితో వచ్చేది. హాస్టలు పిల్లలను చదివించి నేనూ ఏడింటికే ఇల్లు చేరేదాన్ని. వంట నా వంతు. మాకున్నది ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక మూకుడు. నేనేమో కూర వేరు, పులుసు వేరు, వేపుడు వేరు అనే ఇంటి నుంచి వచ్చాను. ఒకటి దించి, మూకుడు తోమి, ఇంకోటి ఎక్కించేసరికి తొమ్మిదయ్యేది. (సరిగ్గా చెప్పాలంటే ఎనిమిదీ యాభై రెండు. నేను రాసి పెట్టుకునేదాన్ని.)

ఒక సోమవారం నర్సక్కకు ఓపిక అయిపోయింది. “ఏంది పంతులమ్మా, నువ్వు వండేది రాత్రికా, రేపు పొద్దుగాలకా? ఇగో, శనివారం లోపట ఒక్కనాడన్న ఏడున్నరకు కంచం ముందట పెట్టు. లేకుంటే బీజాపూర్ దవాఖాన క్వార్టర్ల ఉంట. దినాం జీపుల వచ్చి పోత.”

ఆమె వెళితే నా ఉద్యోగమూ వెళ్లినట్టే. ఆ రాత్రే పథకం వేశాను. అన్నం పొద్దున్నే వండేయాలి. సాయంత్రం ఒకే మూకుడులో అడుగున కూరగాయ, పైన చేప, ఆపైన మూత. సంతలో కొర్రమీను దొరికింది. మాకు ఇల్లు అద్దెకిచ్చిన అవ్వ, పక్కనే ఉండే దొర్ల తెగ ముసలమ్మ, అడవిలో తవ్విన కంద ఇచ్చింది. “చింతపండు మంచిగ ఎయ్యి బిడ్డా” అంది.

తరగడానికి తొమ్మిది నిమిషాలు, తాలింపుకు మూడు, మగ్గడానికి పదిహేడు. మొత్తం ఇరవై తొమ్మిది. చింతపండు నానబెట్టి పిసకడానికి నాలుగు కలిపితే ఏడున్నర దాటిపోతుంది. పులుపు రుచి సంగతి కదా అని కొట్టేశాను. (పొద్దున్నే నానబెట్టి పోవచ్చని తట్టడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.) కంద తరుగుతుంటే చేతులు దురద పెట్టాయి. అది చేతుల విషయమే అనుకున్నాను.

ఏడూ ఇరవై తొమ్మిదికి కంచం పెట్టాను. నర్సక్క మొదటి ముద్దకు “మంచిగుంది” అంది. నాలుగో ముద్దకు కళ్లు మూసుకుంది. రుచికి మైమరిచిందనుకుని నేనూ గబగబా తిన్నాను. తర్వాత ఇద్దరం గొంతు పట్టుకుని, నాలుకలు బయటపెట్టి, గుమ్మంలో కూలబడ్డాం.

అవ్వ వచ్చి చూసింది. “చింతపండు ఎయ్యలే?”

నేను తల అడ్డంగా ఊపాను.

“ఎందుకెయ్యలే?”

నేను గడియారం చూపించాను. అవ్వ నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుంది. ఇంట్లోకి పోయి ఆకు దొన్నెలో ఎర్రచీమల పచ్చడి తెచ్చింది. ఏడు నెలలుగా నేను మర్యాదగా వద్దంటూ వచ్చిన పచ్చడి అది. ఆ రోజు వేలితో ఊడ్చి తిన్నాను. ఆ పులుపుకు గొంతు మెల్లగా దారికొచ్చింది. చీకట్లో మిణుగురులు తేలుతుంటే ముగ్గురం అలాగే కూర్చున్నాం. రేపే నాన్నకు ఉత్తరం రాయాలి కాబోలని నేను లోపల వాక్యాలు కూర్చుకుంటున్నాను.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకంటరు” అంది నర్సక్క, గొంతు కాస్త పెగిలాక. “మనకైతే బాగనే వచ్చింది.”

“నువ్వు వెళ్లిపోతావా అక్కా?”

“ఎట్ల పోత? ఏడున్నరకు పెట్టినవ్ గదా. మాట మాటే.”

నర్సక్క ఇంకో నాలుగు వానాకాలాలు నాతోనే ఉంది. ఇప్పుడు గ్యాసు పొయ్యి మీద ఒక్క మూకుడులో చేప, బీరకాయ కలిపి పావుగంటలో దించేస్తాను. ఏడు కాకముందే తిని, కంచం కడిగి, గుమ్మంలో ఒక్కదాన్నే కూర్చుంటాను. అంత తొందర నేర్చుకున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నాలుగేళ్లలో అప్పుడప్పుడైనా వంట తొమ్మిది దాటించి ఉంటే, నర్సక్క తిట్లు ఇంకొన్ని దక్కేవి.