డొమినికా వెళ్ళకముందే జరిగిన సాగనంపు

ఆ రోజుల్లో నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పేదాన్ని. వయసు ఇరవై నాలుగు. స్టాఫ్ రూములో కూర్చుంటే కాళ్ళు ఊపేదాన్ని, క్లాసులో నిలబడితే కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. సాయంత్రం రాజోలు బస్సెక్కి, పొద్దున వచ్చిన దారినే మళ్ళీ ఇంటికి వెళ్తుంటే, ఈ బస్సు ఒక్కరోజైనా పొరపాటున ఇంకెక్కడికైనా పోతే బాగుండునని దండం పెట్టుకునేదాన్ని. (డ్రైవరు గారు చాలా బుద్ధిమంతుడు. ఒక్కనాడూ దారి తప్పలేదు.) "ఏం కావాలే నీకు?" అని అమ్మ విసుక్కునేది. ఉద్యోగం మారాలా అంటే కాదు. పెళ్ళి చేసుకుంటావా అంటే ససేమిరా. నాకు దూరంగా ఎక్కడికైనా వెళ్ళాలి, పనేమీ లేకుండా తిరగాలి, తిరిగి రావాలి. అంతే. ఈ చిన్న కోరికే మా ఊళ్ళో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మా వీధిలో ఇంటికొకరు దేశం దాటినవాళ్ళే, కానీ అందరూ పనికి వెళ్ళినవాళ్ళే. మస్కట్లో డ్రైవరు, దోహాలో వెల్డరు, కువైట్లో వంట. మావాళ్ళ దృష్టిలో విమానమంటే కాస్త ఎత్తున వెళ్ళే కంపెనీ బస్సు.

ఫోన్లో ఇంటర్నెట్టు చవగ్గా దొరకడం మొదలైన కాలం అది. ఒక రాత్రి ఏదో వెతుకుతుంటే డొమినికా కనబడింది. కరీబియన్ సముద్రంలో చిన్న ద్వీపం. దేశం మొత్తం కలిపినా మన కోనసీమంత ఉండదేమో. నిండా కొండలూ, అడవీ, జలపాతాలూ. తాడు పట్టుకుని జలపాతంలో దిగొచ్చట. పడవలో వెళ్ళి తిమింగలాలు చూడొచ్చట. కొండ మీద రోజంతా నడిస్తే పొగలు కక్కుతూ మరిగే చెరువొకటి కనిపిస్తుందట. పైగా మనవాళ్ళకి ఆ దేశం వెళ్ళడానికి వీసా అక్కర్లేదని రాసుంది. రెండేళ్ళుగా జీతంలోంచి దాచుకున్న డబ్బు ఎందుకు దాచుకున్నానో నాకు ఆ క్షణంలో తెలిసింది. వేసవి సెలవుల్లో పది రోజులు. వెళ్ళి తీరాలి. ఈసారి వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వెళ్ళలేనని, ఆ బస్సులో అదే సీట్లో ముసలిదాన్నైపోతానని గట్టిగా నమ్మాను.

ఈ సంగతి మొదట చెప్పింది కువైట్ పిన్నికి. ఆవిడ మా అమ్మకి సొంత చెల్లెలు. మా పక్కిల్లే. చిన్న వయసులోనే బాబాయి పోతే, కువైట్లో ఒకరింట్లో పన్నెండేళ్ళు వంట చేసి, మోకాళ్ళు అరిగాక తిరిగొచ్చేసింది. ఫోన్లో డొమినికా ఫొటోలు ఒక్కొక్కటే చూపించాను. కొబ్బరితోట దగ్గర ఆగిపోయింది.

"ఈ చెట్లకి కాయల దింపు తీసి ఎన్నాళ్ళయిందే? మట్టలు చూడు, ఎలా ఎండిపోయి వేలాడుతున్నాయో. పట్టించుకునే నాథుడే లేనట్టున్నాడు."

"చెట్లు కాదు పిన్నీ, ఈ చెరువు చూడు. నీళ్ళు మరుగుతున్నాయి. రోజంతా నడిచి వెళ్ళి చూడాలి."

"మరిగే నీళ్ళు చూడ్డానికి రోజంతా నడవాలా? నా బతుకంతా అవే కదే చూశాను, పొయ్యి మీద!" అని పకపకా నవ్వింది. ఫోను మళ్ళీ అందుకుని, "ఎవరైనా ఎల్లొచ్చా?" అంది.

"ఎవరైనా వెళ్ళొచ్చు."

"మోకాళ్ళు లేనోళ్ళు కూడానా?"

అలా మేం ఇద్దరమయ్యాం. ఆ తరవాత నాకన్నా పిన్నికే తొందర ఎక్కువైంది. నడక అలవాటు కావాలని రోజూ సాయంత్రం కాలవగట్టు మీద నడవడం మొదలుపెట్టాం. నేను కొత్త బూట్లు, పిన్ని చీర మీద మా తమ్ముడి స్పోర్ట్స్ బూట్లు. మావైపు పని లేకుండా గట్టు మీద వేగంగా నడిచేవాళ్ళు ఒకే కారణానికి నడుస్తారు. మొదటి రోజే ఎదురింటి మావయ్య గారు సైకిలాపి, "షుగరొచ్చిందాండీ?" అన్నారు బాధగా. కాదండీ అన్నాం. "దాచుకోకండి, మందులున్నాయి కదా," అని ఓదార్చి వెళ్ళారు. వారం తిరక్కుండా వీధిలో నలుగురు మా ఇద్దరికీ కాకరకాయలు తెచ్చిచ్చారు. (పిన్ని అన్నీ తీసుకుంది. వేపుడు బాగా చేస్తుంది.) తాడుతో జలపాతం దిగే సాధన మాత్రం మా పెరటి మెట్ల దగ్గరే ఆగిపోయింది. పిన్ని సగం మెట్లు దిగి, పైకీ రాలేక కిందికీ పోలేక, "ఓసినీ, నన్ను వదలకే!" అని అరుస్తుంటే మా అమ్మ చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

టికెట్ల కోసం అమలాపురం బస్టాండు దగ్గరున్న ఒక చిన్న ఆఫీసుకి వెళ్ళాం. మావైపు వాళ్ళందరినీ గల్ఫుకి పంపించే పెద్దమనిషి ఆయన. ఊరంతా ఆయన్ని వీసా బాబాయి అంటారు. మహా మర్యాదస్తుడు. కుర్చీలు తుడిచి కూర్చోబెట్టి, కొబ్బరిబొండాలు తెప్పించాడు.

"ఆయ్, చెప్పండమ్మా. ఏం పనండీ అక్కడ?"

"పనేం లేదండి. తిరగడానికి వెళ్తున్నాం."

"అదేలెండి, తిరిగే పనేనండి. సేల్సాండీ?"

"కాదండి, కొండలెక్కడానికి."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. తరవాత పిన్ని వైపు తిరిగి, గొంతు తగ్గించి, "చెల్లెమ్మా, ఈ అమ్మాయిని ఎవరో మోసం చేస్తున్నట్టున్నారండి. డ్యూటీ లేకుండా దేశంలోకి ఎవడు రానిస్తాడండీ? ఎన్ని గంటల పనో ముందే రాయించుకోండి," అన్నాడు. నేను ఫోన్లో అంతా చూపించాక సరే అన్నాడు గానీ, చేతులు ఊరుకోలేదు. అలవాటు ప్రకారం మమ్మల్నిద్దరినీ పక్కవీధిలో మెడికల్‌కి పంపించాడు. డొమినికా వెళ్ళడానికి ఛాతీ ఎక్స్‌రే ఎందుకని నేను అడగలేదు. రక్తం కూడా ఇచ్చి వచ్చాను. రిపోర్టు చూసి ఆయన ఎంతో సంతోషించి, "ఫిట్టండీ ఇద్దరూ! ఇంక ఎవరూ ఆపలేరండి. టికెట్లు రేపోమాపో చేసేద్దాం," అన్నాడు.

ఇక్కడే అసలు గొడవ మొదలైంది. మావైపు ఎవరైనా దేశం దాటుతుంటే, చేతికి వీసా వచ్చిన వెంటనే వచ్చే ఆదివారం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టి, ఊరికి భోజనాలు పెట్టి సాగనంపుతారు. వీసా రాకముందు పెట్టకూడదు, వచ్చాక ఆలస్యం చెయ్యకూడదు. ఎందుకంటే ఏ రోజు విమానమెక్కమంటారో ఎవరికీ తెలీదు. మా అమ్మ నన్నడిగింది, "వీసా వచ్చిందా?" అని. అక్కర్లేదమ్మా అన్నాను. అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, "అక్కర్లేదంటే వచ్చేసినట్టేగా," అని షామియానా వాళ్ళకి ఫోన్ చేసింది. ఆ లెక్కలో తప్పెక్కడుందో నాకూ తట్టలేదు.

ఆదివారం ఊరంతా వచ్చింది. మా పాస్టరు గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థించారు. "ప్రభువా, ఈ నీ బిడ్డలకు ఆ దూరదేశమందు దయగల యజమానిని అనుగ్రహించుము. జీతము సకాలమందు అందునట్లు, వీరిమీద ఎవరూ చెయ్యి చేసుకొనకుండునట్లు కాపాడుము." అందరూ ఆమేన్ అన్నారు. నాకు నవ్వాగలేదు. పక్కనున్న పిన్నిని మోచేత్తో పొడిచాను. పిన్ని నవ్వడం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

భోజనాలయ్యాక పొట్లాలు మొదలయ్యాయి. విదేశం వెళ్ళేవాళ్ళ చేతికి పొట్లం ఇవ్వకపోతే మావాళ్ళకి తోచదు. దోహాలో ఉన్న కొడుక్కి ఎండురొయ్యలు, మస్కట్లో అల్లుడికి ఆవకాయ, కువైట్లో చెల్లెలికి కీళ్ళనొప్పుల నూనె. మేం వెళ్ళేది అటు కాదండీ, భూమికి అవతలి పక్కకి అని నేను మొత్తుకున్నాను. "అలా అనకమ్మా, ఎలాగూ పైనుంచే కదా ఎల్తారు. విమానం ఆగినప్పుడు వాడే వచ్చి పట్టుకెల్తాడు," అని ఎదురింటి అత్తయ్య గారు రొయ్యల పొట్లం నా ఒళ్ళో పెట్టేసింది.

సోమవారం పొద్దున వీసా బాబాయి తనే మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే ఆయ్ అని పలకరించే మనిషి, చెప్పులు విప్పి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"డొమినికాకి వీసా అక్కర్లేదండి. నిజమేనండి. కానీ అక్కడికి నేరుగా విమానం లేదండి. మధ్యలో పెద్ద దేశాల్లో ఆగాలండి. ఆ ఆగడానికి వీసా కావాలటండి. దానికి ఇంటర్వ్యూకి పిలవడానికే నెలలు పడుతుందటండి."

అంటే, ఇంటి తలుపు బార్లా తెరిచే ఉంది గానీ, వీధి గేటుకి తాళం వేసినట్టన్నమాట. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకుని బోరున ఏడ్చాను. సెలవులు నెల కాదు కదా, ఇరవై రోజులు కూడా మిగల్లేదు. కాలేజీలో అందరికీ చెప్పేశాను. వీధిలో కోడికూర తిన్న ప్రతి మనిషీ మేం ఎప్పుడు బయల్దేరతామా అని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. సాగనంపాక కూడా ఊళ్ళోనే కనబడే మనిషంత లోకువ మావైపు ఇంకొకరు లేరు. కానీ నా ఏడుపు పరువు గురించి కాదు. మళ్ళీ ఆ బస్సు, మళ్ళీ ఆ సీటు. పంజరం తలుపు తీసి చూపించి మూసేసినట్టనిపించింది.

మధ్యాహ్నం పిన్ని తలుపు తట్టింది. బూట్లు వేసుకుని ఉంది. చేతిలో సంచి.

"లే. ఎల్దాం."

"ఎక్కడికి?"

"కొండలు, అడివి, జలపాతం. అంతే కదా నువ్వడిగింది? మారేడుమిల్లిలో లేవా ఏంటి? పొట్లాలు వీసా బాబాయికి ఇచ్చేశాను, దోహా ఎల్లే కుర్రాడెవడో ఉన్నాట్ట. లే మరి."

(ఈ కథ విన్నవాళ్ళు ఇక్కడ, 'మనకే అన్నీ ఉండగా డొమినికా ఎందుకండీ' అంటుంటారు. వాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేను వెళ్దామనుకున్నది డొమినికాకి. మారేడుమిల్లి డొమినికా కాదు.) ముఖం మాడ్చుకునే ఆటో ఎక్కాను. డొమినికాకే అనుకుని వీధి వీధంతా చేతులూపింది. అమ్మ ఆటో పక్కన నడుస్తూ, "వాట్సాప్‌లో ఏమీ పెట్టకండే, మీకు దండం పెడతాను," అంది. రావులపాలెం, రాజమండ్రి, అక్కడినుంచి ఘాట్ రోడ్డు. దారంతా నేను అలిగి కిటికీ వైపు తిరిగి కూర్చుంటే, పిన్ని పక్కవాళ్ళతో కబుర్లాడుతూ జామకాయలు కొనిపెట్టింది.

చీకటి పడే వేళకి ఒక లాడ్జికి చేరాం. కౌంటరు దగ్గరి అబ్బాయి ఐడీ కార్డు ఇవ్వమన్నాడు. పిన్ని సంచి లోపలి అరలోంచి గుడ్డలో చుట్టిన పాస్‌పోర్టు తీసింది. ఆధార్ చాలు కదా పిన్నీ అన్నాను, వినలేదు.

"ఇక్కడ ఉంచండమ్మా. రూము ఖాళీ చేసేటప్పుడు ఇచ్చేస్తాం," అన్నాడు అబ్బాయి, చెయ్యి చాపి.

"ఇవ్వనండి," అంది పిన్ని.

"రూలండి..."

"చూసుకో బాబూ. ఫొటో తీసుకో. నా చేతిలోనే ఉంటాది." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అబ్బాయి గబగబా ఫోన్లో ఫొటో తీసుకుని తాళాలిచ్చేశాడు.

గదిలో మంచం మీద కూర్చుని పిన్ని పాస్‌పోర్టుని మళ్ళీ గుడ్డలో చుట్టింది. "కువైట్లో దిగీ దిగగానే ఇంటివాళ్ళు తీసేసుకునేవారే. ఎల్లొచ్చేటప్పుడే మళ్ళీ మొహం చూడ్డం. అన్నేళ్ళలో ఇది నా దగ్గరున్నది విమానంలో కూర్చున్నంతసేపే. నువ్వా దేశం ఫొటోలు చూపించినప్పుడు అడుగుదామనుకున్నాను. పనికెల్లకపోతే ఇది మన దగ్గరే ఉంటాదా అని. సిగ్గేసి అడగలేదు."

కొండల కోసం, జలపాతం కోసం నేను ఇంత గోల చేశాను. పిన్ని ఆ కొండలన్నీ ఎక్కడానికి సిద్ధపడింది దీనికోసం. ఆవిడ పక్కన చేరి భుజం మీద తల పెట్టుకున్నాను. "ఛీ, చెమట కంపు, ముందు స్నానం చెయ్యి," అని తోసేసింది. తెల్లారి జలపాతం దగ్గరికి నడిచాం. బండ మీద జారి పిన్ని నిండా మునిగింది, సంచి మాత్రం నెత్తి మీద ఎత్తి పట్టుకుంది. నేను తీసిన ఆ ఫొటోని ఉండబట్టలేక స్టేటస్‌లో పెట్టింది కూడా ఆవిడే. క్షణాల్లో ఎదురింటి అత్తయ్య గారి దగ్గర్నుంచి జవాబొచ్చింది: 'ఎంతైనా ఫారిన్ నీళ్ళ కళ వేరమ్మా.'

మేం ఇప్పటికీ డొమినికా వెళ్ళలేదు. నేను ఆ కాలేజీలోనే పెద్ద మేడమ్‌ని అయ్యాను. బస్సులో అదే కిటికీ పక్క సీటు దొరక్కపోతే చిరాకు పడుతున్నాను. ఎప్పుడు పోయిందో తెలీదు గానీ, కాళ్ళు ఊపడం కూడా పోయింది. మొన్నామధ్య పిన్ని పాస్‌పోర్టు గడువు తీరితే కొత్తది పెట్టించింది. విచారణకి వచ్చిన కానిస్టేబుల్ గారు వరండాలో మజ్జిగ తాగుతూ, "ఈ వయసులో మళ్ళీ పనికెల్తారాండీ?" అన్నాడు. "పనా? పనేం లేదండి," అంది పిన్ని దర్జాగా. "ఊరికే, చూసొద్దామని."

కొత్త పాస్‌పోర్టు వచ్చిన రోజు సరాసరి మా ఇంటికే తెచ్చింది. "ఏమే, ఎప్పుడెల్దాం?" అంది, కూర్చోకుండానే. పరీక్ష పేపర్లు దిద్దుతున్నానేమో, తలెత్తకుండా, "ఈ ఏడాదికి వద్దులే పిన్నీ, ఎండలెక్కువ," అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల ఈ మాట వినుంటే, నన్ను ఇక్కడే వదిలేసి పిన్నితో వెళ్ళిపోయి ఉండేది.