తోకచుక్కకు మూసిన కిటికీలు

తలుపు నెట్టగానే కింద ఏదో మెత్తగా అడ్డుపడింది. వంగి చూస్తే తడిపి కుక్కిన తువాలు. అది జరిగి ఏడాది కావస్తున్నా, పక్కింట్లో సాంబ్రాణి వాసన వస్తే చాలు, ఇవాళ్టిలాగే పిల్లలు పడుకున్నాక వాళ్ల ఊపిరి వింటూ కూర్చుంటాను.

ఆ సాయంత్రం బడిలో పాఠాలు చెప్పి నేను వచ్చేసరికి గది కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. మూకుడు నిండా రాజుకున్న బొగ్గులు, వాటి మీద సాంబ్రాణి. పాప తల పట్టుకుని కూర్చుంది, చిన్నోడు మగతగా గోడకు ఒరిగిపోయాడు.

"తలుపెయ్యి! ఇసపు గాలొస్తాది!" అని అరిచింది మా అత్త.

పిల్లలను బయటికి ఈడ్చి, ఆమెనూ రెక్క పట్టి లాగాను. "సంపేస్తావా నా బిడ్డల్ని? ఎవురు సెప్పినారు నీకు ఇట్లా చెయ్యమని?"

"నువ్వే కదమ్మా సెప్పినావు, తోకచుక్కలో సైనైడు ఉండాదని! సదువుకున్నదానివని నీ మాట నమ్మినా సూడు, నాదే తప్పు."

నిజమే. సూర్యకుటుంబం బయటి నుంచి వచ్చిన ఆ వింత తోకచుక్క గురించి పొద్దున పేపర్లో చదివి, నికెల్ ఆవిరి, సైనైడు, బొగ్గుపులుసు వాయువు అంటూ కాఫీ తాగుతూ గొప్పగా వినిపించింది నేనే. ఆకాశంలోని విషానికి భయపడి ఆమె మూసిన గదిలోనే బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ అనే అసలు విషవాయువును నింపాయి.

ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. ఇంకాసేపైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నప్పుడు అత్త వైపు చూడాలంటేనే నాకు అసహ్యం వేసింది. ఆమె కూడా ముఖం గోడకు తిప్పుకుంది.

ఆ బెంచీ మీద కూర్చుంటే చిత్తూరు కాలేజీలో మా కెమిస్ట్రీ మేడమ్ గుర్తొచ్చింది. ల్యాబులో అడుగుపెట్టగానే ముందు కిటికీలు తీయించేది, సీసా మీద పేరు చదివి మేము బెదిరితే, "పేరు సరేమ్మా, ఎంత ఉండాది, యాడుండాది?" అని ఎగతాళి చేసేది. అప్పట్లో ఆ రెండు ప్రశ్నలకు జవాబు లేనిదే నోరు విప్పేవాళ్లం కాదు. ఇప్పుడు పేరు దొరికితే చాలు, పక్కవాళ్ల చెవిలో వేసేస్తున్నాం.

మర్నాడు ఇంటికొచ్చాక ఇడ్లీ తింటూ, అవ్వ చెడ్డదా అని పాప అడిగింది. కాఫీ గ్లాసుతో వస్తున్న అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. అవుననాలనే ఉండింది నాకు.

"తోకచుక్కలో విషముండాదని సెప్పింది అవ్వ కాదు పాపా, నేను," అన్నాను, గుమ్మంలో ఉన్న అత్తకూ వినబడేలా. "అది మనకు అందనంత దూరంలో ఉండాదని సెప్పకుండా బడికి పోయింది కూడా నేనే."