కొలంబో పెట్టెలో నా చీర

మా మామగారికి కొలంబో చూడాలన్న కోరిక ఏనాడూ లేదు. ఆయనకున్నదల్లా వియ్యంకుణ్ణి మించాలన్న కోరిక. మా తోడికోడలి తండ్రిది మైలవరం. ఆయన ఆ శీతాకాలం భార్యతో రామేశ్వరం వెళ్ళొచ్చాడు. వచ్చి మా ఇంట్లో రెండు రోజులుండి, అక్కడి సముద్రం గురించి భోజనాల దగ్గర చెప్పాడు, వసారాలో చెప్పాడు, చివరికి దొడ్లో పళ్ళు తోముకుంటూ కూడా చెప్పాడు. ఆయన బండెక్కి వెళ్ళిన సాయంత్రమే మామగారు తేల్చేశారు.

"సముద్రం దాకా వెళ్ళి, చూసి, వెనక్కి రావడమేంటి? మనం దాటి వెళదాం."

దాటితే సింహళం, దాని రాజధాని కొలంబో. మనకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు అది. సింహళానికీ అప్పుడే వచ్చింది కాబట్టి అది ఇప్పుడు పరాయి దేశం. ఆ మాట మామగారికి మరీ నచ్చింది. ఆగిరిపల్లి పక్కనున్న మా తోటను పూత మీదే వ్యాపారికి ఇచ్చేశారు. కాపలా గుడిసెలు కూడా అతనే వేయించుకున్నాడు. ఇంట్లో మగవాళ్ళకు వసారాలో కూర్చుని పరాయి దేశం గురించి మాట్లాడుకోవడం తప్ప పని లేదు.

మాట్లాడింది వాళ్ళు. చేసింది నేను. ఆ ఇంట్లో థర్డ్ ఫారం దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. రైలు వేళల పుస్తకం తెప్పించి, బెజవాడ నుంచి మద్రాసు, మద్రాసు నుంచి ధనుష్కోటి, అక్కడ స్టీమరు, అవతలి ఒడ్డున మళ్ళీ రైలు అని ఒక కాగితం మీద వరసగా రాసిపెట్టాను. టిక్కెట్లు ఏర్పాటు చేసే మద్రాసు ఏజెంటుకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసిందీ నేనే. కొలంబోలో రేవు ఉంటుందని, ట్రాములు తిరుగుతాయని, వింత వస్తువుల మ్యూజియం, జంతువుల తోట ఉన్నాయని ఏజెంటు పంపిన పుస్తకం చదివి వినిపించాను. మామగారు అంతా విని అడిగారు.

"అశోకవనం ఏ వీధిలో ఉందో రాయలేదా అమ్మాయ్?"

"లేదండి."

"అయితే అది సరైన పుస్తకం కాదు. రాజధాని అన్నాక రావణుడి కోట ఉండకపోవడమేంటి?"

బావగారు ఒక బుట్ట రసాలు తీసుకెళ్ళి మామిడిపండంటే ఏమిటో అక్కడివాళ్ళకి చూపించాలన్నారు. మేము వెళ్ళేనాటికి మా తోటలో కాయకి టెంకె కూడా ముదరదని ఆయనకి గుర్తు చేయాల్సి వచ్చింది. మామిడితోటలో పుట్టి పెరిగిన మనిషి ఆయన. మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. పరాయి దేశంలో పంచె కడితే నవ్వుతారని బెజవాడ వెళ్ళి పంట్లాము కుట్టించుకున్నారు. దాన్ని తలుపేసుకుని తొడుక్కుని, గదిలోనే నాలుగడుగులు నడిచి, విప్పి దాచారు.

మశూచి టీకాలు వేయించుకున్న కాగితాలుంటేనే స్టీమరు ఎక్కనిస్తారని ఏజెంటు రాశాడు. టీకాలు వేసే అతన్ని నూజివీడు నుంచి పిలిపించారు. ఆరుగురం వేయించుకున్నాం. నా చెయ్యి భుజం దాకా వాచి, మూడు రోజులు జ్వరం కాసింది. ఆ జ్వరంలోనే లేచి అందరి కాగితాల్లో పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూశాను. నేను వెళుతున్నాననే అనుకున్నాను. ఆ చెయ్యి ఎవరి కోసం వాచినట్టు?

తరవాత పురోహితుడు పంచాంగం చూశాడు. ఆ గురువారం పొద్దున్న తప్పితే మూఢం వస్తుందనీ, మళ్ళీ చాలా రోజుల దాకా మంచి ఘడియ లేదనీ చెప్పాడు. ఏజెంటు దగ్గర్నుంచి టిక్కెట్ల కబురింకా రాలేదు. అందుకని ప్రస్థానం పెట్టమన్నాడు. అంటే, బయల్దేరవలసిన మనుషులకు బదులు వాళ్ళ గుడ్డలు ఆ ఘడియకు ఇల్లు దాటి, వెళ్ళే దిక్కున ఉన్న మరో ఇంట్లో ఉంటాయి. అక్కణ్ణుంచి ఏడు రోజుల్లోగా మనుషులు వాటిని తీసుకుని సాగిపోతే, ఆ మంచి ఘడియకే బయల్దేరినట్టు లెక్క. ఈ లోపల ఏదైనా వెనక్కి తెస్తే ప్రయాణం విరిగినట్టే.

మా ఇంటికి దక్షిణాన ఉన్నది, నేను పిన్నిగారని పిలిచే పక్కింటావిడ ఇల్లు. గోడ మీదికి వంగిన మామిడికొమ్మ విషయంలో ఆవిడకీ మా అత్తగారికీ ఏడాదిగా మాటల్లేవు. కొలంబో కోసం అత్తగారు వెళ్ళి ఆవిణ్ణి "వదినా" అని పిలిచారు.

గురువారం పొద్దున్న ట్రంకుపెట్టె సర్దుతుంటే నేను వంటింట్లోంచి చూస్తున్నాను. మామగారి ఉత్తరీయం పెట్టారు. అత్తగారి పట్టుచీర, దానితో ఆవిడ కాసులపేరు పెట్టారు. బావగారి పంచె, తోడికోడలి చీర, మా ఆయన పంట్లాము. టీకా కాగితాల కట్ట కూడా శుభమని అందులోనే పెట్టారు. నా కాగితం ఆ కట్టలోనే ఉంది. అత్తగారు మూత వేసి తాళం తిప్పారు. నేను వెళ్ళడం లేదని నాకు తెలిసింది అప్పుడు. అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

"నా చీర పెట్టలేదండి," అన్నాను.

"కాయ దిగే రోజులు దగ్గర పడుతున్నాయి. కారం కొట్టించాలి, ఆవాలు ఎండబెట్టాలి. ఇల్లు ఎవరు చూస్తారు?" అన్నారు అత్తగారు.

"అక్కయ్య చూడొచ్చుగా?"

"అది రాకపోతే మైలవరానికి కబురెట్లా చేరుతుంది?" అన్నారు మామగారు. ఎంత నిజాయితీ. కొలంబో చూడటానికి కాదు, చూశామని పుట్టింట్లో చెప్పడానికి తోడికోడలు కావాలి. నా పుట్టింటివాళ్ళని మించాల్సిన అవసరం ఎవరికీ లేదు మరి, మా నాన్న బడిపంతులు.

"వచ్చే ఏడు నిన్ను తిరుపతి తీసుకెళతాంలే," అన్నారు అత్తగారు.

మా ఆయన్ని అడిగాను. "నాన్నగారి మాట, నేనేం చెయ్యను?" అన్నారు. ఏమీ చెయ్యలేని మనిషి పంట్లాము మాత్రం పెట్టెలో పెట్టించుకోగలిగారు.

నాలుగో రోజున ఏజెంటు ఉత్తరం వచ్చింది. నేనే చదివాను. టీకా కాగితాలు వెంటనే పంపితే ఆ వారంలోనే స్టీమరులో చోటు ఇప్పిస్తాననీ, ఆలస్యమైతే తన పూచీ లేదనీ రాశాడు. కాగితాలు పెట్టెలో ఉన్నాయి. పెట్టె ప్రస్థానంలో ఉంది. కొత్త కాగితాలు రాయించుకుందామంటే టీకాలు వేసే అతను ఊళ్ళు తిరగడానికి వెళ్ళాడట.

పురోహితుణ్ణి పిలిచారు. ప్రయాణం చేసేవాళ్ళు పెట్టెలో చెయ్యి పెట్టకూడదనీ, ప్రయాణం లేని మనిషి ఎవరైనా కాగితాలు తీసి, ఇంటికి తేకుండా అటు నుంచి అటే పోస్టాఫీసుకి తీసుకుపోతే దోషం లేదనీ అన్నాడు. కాసులపేరున్న పెట్టె తాళంచెవి పరాయివాళ్ళకి ఇవ్వనని అత్తగారు పట్టుబట్టారు. అప్పుడు అందరూ నావైపు చూశారు. ఆ నెలలో వాళ్ళంతా కలిసి నన్ను చూడటం అదే మొదలు.

"నీకు ప్రస్థానం లేదుగా అమ్మాయ్. నువ్వెళ్ళు," అన్నారు మామగారు. ఆయన ఆ మాట నాకేదో మేలు చేస్తున్నట్టు అన్నారు.

"నన్నూ తీసుకెళతారాండీ?"

"చూద్దాం."

చూద్దాం అంటే ఆ ఇంట్లో అర్థం నాకు పెళ్ళయిన ఏడాదే తెలిసింది. తాళంచెవి తీసుకుని, నా గదిలోకి వెళ్ళి, నా నేతచీర ఒకటి చంకలో పెట్టుకుని దక్షిణం ఇంటికి వెళ్ళాను.

పిన్నిగారు పెట్టె చూపించారు. "అందరివీ వచ్చాయి, నీదొక్కటే రాలేదేంటా అనుకున్నానమ్మా," అన్నారు. ఆ ఊళ్ళో ఆ సంగతి గమనించింది ఆవిడొక్కతే. నేను మూత తీసి, పట్టుచీర మీద నా చీర పరిచి, మూత వేసి తాళం పెట్టాను. కాగితాలు ముట్టుకోలేదు.

ఇంటికి తిరిగొచ్చేసరికి మామగారు వీధి అరుగు మీదే ఉన్నారు.

"పోస్టు చేశావా?"

"లేదండి. పెట్టెలోనే ఉన్నాయి."

"మరెందుకు వెళ్ళినట్టు?"

"నా చీర పెట్టొచ్చానండి. ఇక నాకూ ప్రయాణం ఉన్నట్టే కదా. నేను పెట్టెలో చెయ్యి పెట్టకూడదు."

మా ఆయన తల పట్టుకున్నారు. తోడికోడలు ఏడుపు మొదలుపెట్టింది. నా చీర తీసి పారేయమన్నారు అత్తగారు. పెట్టిన గుడ్డ తీస్తే అందరి ప్రయాణమూ విరుగుతుందని పురోహితుడు అడ్డం వచ్చాడు. పాపం, తన శాస్త్రం తనే కాదనలేకపోయాడు. సాయంత్రం దాకా నన్ను బతిమాలారు, తిట్టారు, మళ్ళీ బతిమాలారు. నన్ను తీసుకెళతామన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే, శాస్త్రం ఎలా పోయినా, అప్పుడే వెళ్ళి కాగితాలు తీసి పంపేదాన్ని. ఈ సంగతి ఇప్పటికీ అడిగినవాళ్ళకి చెబుతాను. అడగనివాళ్ళకీ చెబుతాను.

ఏడు రోజులు గడిచాయి. పెట్టె వెనక్కి వచ్చింది. అత్తగారు నా చీరను రెండు వేళ్ళతో ఎత్తి గుమ్మంలో పడేశారు. నేను దాన్ని దులిపి మడతపెట్టుకున్నాను.

మర్నాడు మామగారు నన్ను పిలిచి, ముఖం పక్కకి తిప్పుకుని, రావడం లేదని ఏజెంటుకి రాయమన్నారు. రాశాను. కొన్ని కారణాల వల్ల మా కుటుంబంలోని ఆరుగురం ప్రయాణం మానుకున్నాం అని ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాసి, ఆరు పేర్లూ వరసగా వేసి, నా పేరు అందరికంటే పైన పెట్టాను. మామగారు కాగితాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, కింద సంతకం చేశారు.